పొరుగు యుద్ధం కాని యుద్ధం: వార్తా డెస్క్ గురించిన అపోహలు – వాస్తవాలు

అపోహ: తెలుగు పత్రికల్లోని యుద్ధ వార్తలు పాశ్చాత్య ఏజెన్సీల కథనాలకు అనువాదాలు మాత్రమే.

వాస్తవం: ఇందులో కొంత నిజముంది. 2022 ఫిబ్రవరి 24న ఉక్రెయిన్‌పై రష్యా దాడి మొదలయ్యాక మా డెస్క్‌కు, అంటే వార్తలను ఎంచి దిద్దే విభాగానికి, చేరిన సమాచారంలో అధిక భాగం రాయిటర్స్, అసోసియేటెడ్ ప్రెస్ (ఏపీ), ఏఎఫ్‌పీ వార్తా సంస్థలదే. కీవ్‌లో సొంత విలేకరిని నిలపడం ప్రాంతీయ పత్రికకు తలకు మించిన భారం. అయితే ఏజెన్సీ పంపిన కథనం తెలుగులోకి వచ్చేటప్పుడు అర్థం మారేది డెస్క్‌లోనే, అదీ ఎక్కువగా క్రియాపదం దగ్గర. ‘ప్రకటించింది’, ‘ఆరోపించింది’, ‘వెల్లడించింది’ అన్నవి ఒకటి కావు. ఆ ఏప్రిల్ 14న రష్యా యుద్ధనౌక మాస్క్వా నల్లసముద్రంలో మునిగినప్పుడు, తమ నెప్ట్యూన్ క్షిపణులే దాన్ని తాకాయని ఉక్రెయిన్, నౌకలో మంటలు చెలరేగి మందుగుండు పేలిందని రష్యా చెప్పాయి. నిర్ధారణ కాకముందే వీటిలో దేనికి ‘వెల్లడించింది’ అని రాసినా, పాఠకుడికి బదులు మనమే తీర్పు చెప్పినట్టవుతుంది. పైగా తెలుగు వాక్యంలో ‘అని ఫలానావారు చెప్పారు’ అన్నది చివర్లో వస్తుంది కనుక, శీర్షికకు చోటు చాలనప్పుడు ముందుగా తెగిపోయేది ఆ తోకే. అప్పుడు ఒక పక్షం చెప్పుకున్న మృతుల సంఖ్య నిర్ధారిత సత్యంలా మొదటి పేజీకి ఎక్కుతుంది. ఈ వృత్తిలో నన్ను అన్నిటికన్నా కలవరపెట్టే పొరపాటు ఇదే.

అపోహ: ప్రభుత్వం తటస్థంగా ఉంది కాబట్టి మన మీడియా కూడా తటస్థంగానే ఉంది.

వాస్తవం: 2022 మార్చి 2న ఐరాస సర్వప్రతినిధి సభలో రష్యా దాడిని తప్పుపట్టిన తీర్మానంపై ఓటింగ్‌కు దూరంగా ఉన్న 35 దేశాల్లో భారత్ ఒకటి. అది దౌత్య నిర్ణయం. టీవీ తెరల మీది ఉద్రేకం వేరు. ఉక్రెయిన్ యుద్ధంపై సంచలన శీర్షికలను తప్పుపడుతూ ఏప్రిల్ 23న కేంద్ర సమాచార, ప్రసార శాఖే ఛానెళ్లకు హెచ్చరికతో కూడిన సూచనలు జారీ చేసింది.

అపోహ: వీడియో ఉంటే నమ్మవచ్చు.

వాస్తవం: యుద్ధం తొలి రోజుల్లో ఆర్మా 3 అనే వీడియో గేమ్ దృశ్యాలు అసలు పోరాటంగా చెలామణి అయ్యాయి.

అపోహ: దూరదేశపు యుద్ధం మన పాఠకులకు పట్టదు.

వాస్తవం: ఉక్రెయిన్‌లో వైద్యవిద్య చదువుతున్న తెలుగు విద్యార్థుల తల్లిదండ్రులకు ఆ రోజుల్లో అంతకు మించిన వార్త లేదు. ఉక్రెయిన్ నుంచి వచ్చే పొద్దుతిరుగుడు నూనె ధర పెరిగినప్పుడు ఆ యుద్ధం ప్రతి వంటింటికీ తెలిసింది. ఈ ఆసక్తికి ఒక హద్దు ఉందన్నదే నా బాధ: ఆపరేషన్ గంగ విమానాల్లో మన పిల్లలు ఇళ్లకు చేరిన తరువాత, వారితోపాటు ఖార్కివ్ నేలమాళిగల్లో తలదాచుకుని అక్కడే మిగిలిపోయిన స్థానికులకు మా పేజీల్లో చోటు కుదించుకుపోయింది.