ఎనిమిది వారాల మైండ్‌ఫుల్‌నెస్ కోర్సు: అపోహలు - వాస్తవాలు

మైండ్‌ఫుల్‌నెస్ అంటే ఈ క్షణం జరుగుతున్నదాని మీద ధ్యాస పెట్టడం. శ్రీకాకుళంలో ఈ ఒత్తిడి తగ్గించే కోర్సు నేర్పుతుంటాను. చేరే ముందు దాదాపు అందరూ ఇవే అడుగుతారు.

అపోహ: మనసులో ఒక్క ఆలోచనా రాకూడదు.

వాస్తవం: మధ్యలో మానేసేవాళ్లలో ఎక్కువమందిని వెనక్కి లాగేది ఇదే. "కళ్లు మూసుకుంటే చాలు మేడమ్, చీటీ వాయిదా, పిల్లాడి మార్కులు, అన్నీ అప్పుడే గుర్తొస్తున్నాయి" అంటారు. రానివ్వండి. శ్వాస మీద ధ్యాస జారిందని గమనించడం, మళ్లీ తెచ్చుకోవడం, సాధనంటే అదే. వందసార్లు జారితే వందసార్లు తెచ్చుకుంటాం.

మొదటి క్లాసులో ఎండుద్రాక్ష తినిపించడం ఈ కోర్సు ఆనవాయితీ. నేను పలాస జీడిపప్పు ఇస్తాను. అరచేతిలో పెట్టుకుని చూడాలి, ఆ వంపు మీద వేలు రాయాలి, వాసన చూడాలి, నాలుక మీద పెట్టుకుని కాసేపు కొరక్కుండా ఆగాలి. రోజంతా జీడిపప్పు ఒలిచే ఒకావిడ, "ఇంత తీపుంటుందని ఎప్పుడూ తెలీలేదండి" అన్నారు. ధ్యాస పెట్టడమంటే ఏమిటో ఆ పూట నేను వేరే చెప్పక్కర్లేకపోయింది.

అపోహ: ఇది ఒక మతానికి చెందింది.

వాస్తవం: మూలాలు బౌద్ధ ధ్యానంలో ఉన్నాయి. వంశధార ఒడ్డున శాలిహుండం బౌద్ధ స్తూపాలు చూసినవాళ్లకు అదేం పరాయిది కాదు. కోర్సును మాత్రం 1979లో అమెరికాలో, మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో జాన్ కబాట్-జిన్ మొదలుపెట్టారు. మొదట వచ్చినవాళ్లలో చాలామంది ఏళ్ల తరబడి నొప్పులతో బాధపడే రోగులే. మంత్రం, దీక్ష ఏవీ ఉండవు.

అపోహ: వారానికోసారి క్లాసుకొస్తే చాలు.

వాస్తవం: చాలదు. క్లాసు సుమారు రెండున్నర గంటలు. అసలు పని ఇంట్లోనే, రోజుకు ముప్పావు గంట. ఆ టైమ్ దొరకదనుకుంటే ఇప్పుడు చేరొద్దనే చెబుతాను.

అపోహ: కోర్సు చేస్తే టెన్షన్ మాత్రలు మానేయొచ్చు.

వాస్తవం: దయచేసి మానకండి. ఆందోళన రుగ్మతలున్న 276 మందితో చేసిన పరిశోధన 2022లో వెలువడింది. ఈ కోర్సు ఆందోళనకు వాడే ఎస్సిటాలోప్రామ్ మాత్రకు తీసిపోకుండా పనిచేసిందని అందులో తేలింది. మాత్ర వాడుతున్నవాళ్లు సొంతంగా ఆపేయొచ్చని అది చెప్పలేదు. ఉన్నట్టుండి ఆపితే తల తిరగొచ్చు, నిద్ర చెడొచ్చు, ఆందోళన తిరగబెట్టొచ్చు. తగ్గించాలన్నా, ఆపాలన్నా మీ డాక్టరే చెప్పాలి. చనిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే కోర్సు కోసం ఆగకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి-మానస్ 14416కు ఇప్పుడే ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడతారు.