చెనిక్కాయలు, చలి, చంటిబిడ్డ

అనంతపురం,
ధనుర్మాసం.

చెల్లెలో తమ్ముడో ఇంట్లో పాకుతూ, తప్పటడుగులు వేస్తూ ఉన్న పిల్లలందరికీ జేజి (అవ్వ) దీవెనలు.

సంక్రాంతి సెలవులు వచ్చాయంటే అమ్మ చేతులు పిండిలో ఉంటాయి, నాయన సంచి పట్టుకుని బజారులో ఉంటాడు. మీ చేతికి పాప వస్తుంది. "కాసేపు చూసుకో" అంటారు గానీ ఏం చూడాలో, ఎందుకు చూడాలో మటుకు చెప్పరు. అది చెప్పడానికే ఈ ఉత్తరం.

ముందు చలి సంగతి. మన సీమ చలి రోజంతా ఉండేది కాదు. తెల్లవారుజామున 15, 16 డిగ్రీలకు దిగుతుంది, మధ్యాహ్నానికి 30 దగ్గరికి పోతుంది. పొద్దున తొడిగిన ఉన్ని స్వెట్టరు పదకొండింటికి కూడా ఒంటి మీదే ఉంటే పాపకు చెమట పడుతుంది, సాయంత్రం ఆ తడి మీదే చల్లగాలి తగులుతుంది. అందుకే మందపాటిది ఒకటి కాకుండా పలచటి నూలు బట్టలు రెండు మూడు ఒకదాని మీద ఒకటి వేయాలి. ఎండ ముదిరేకొద్దీ ఒక్కొక్కటి విప్పాలి. తొడగడం అందరికీ గుర్తుంటుంది, విప్పడమే మరిచిపోతారు. ఆ పని మీరు తీసుకోండి. పాపకు చలేస్తోందా లేదా అని చేతులు పట్టి చూడొద్దు, చిన్నపిల్లల చేతులు మామూలుగానే చల్లగా ఉంటాయి. మెడ వెనక, వీపు మొదట్లో చెయ్యి పెట్టండి. పొడిగా, వెచ్చగా ఉంటే సరిపోయింది. తడిగా ఉంటే ఒక పొర తీయాలి, చల్లగా ఉంటే ఇంకొకటి వేయాలి. నిద్రపోయాక టోపీ తీసేయండి, దుప్పటి ముఖం మీదికి రానీయకండి. ఏడాది లోపు బిడ్డకయితే వదులు దుప్పటి అసలే వద్దు, నిండు చేతుల చొక్కా చాలు.

స్నానం ఎండ బాగా వచ్చాకే. జనవరిలో మనకు సూర్యుడు కనపడేసరికి ఆరు ముప్పావు అవుతుంది కాబట్టి పది గంటలకు పోసినా ఏం నష్టం లేదు. బకెట్లో ముందు చన్నీళ్లు, తర్వాత వేన్నీళ్లు. ఈ వరస తప్పకూడదు. వేన్నీళ్లు ముందు పోసి చన్నీళ్లకని అటు తిరిగితే, ఆ ఒక్క నిమిషంలోనే పాప చెయ్యి ముంచుతుంది. అడుగు దాకా కలిపి మోచేయి పెట్టి చూడాలి, గోరువెచ్చగా తగలాలి. నీళ్లు కాగబెట్టే రాడ్ బకెట్లో ఉన్నంతసేపూ ఆ గది తలుపు గడియ వేసి ఉండాలి. నూనె ఒంటికి రుద్దితే మంచిదే గానీ ముక్కులో, చెవుల్లో చుక్కలు వేయకూడదు. సాంబ్రాణి దగ్గర మీ ఇంట్లోని జేజితో వాదం పెట్టుకోకండి, గెలవరు. పొగ దేవుడి గదిలో వేయమని చెప్పి, పాప తల తువ్వాలుతో తుడిచి ఇంకో గదిలోకి తీసుకుపోండి. చిన్న ఊపిరితిత్తులకు ఏ పొగయినా పొగే.

ఇక అసలు సంగతి. ఈ కాలంలో మన ఇళ్లల్లో నేల మీద దొర్లేవన్నీ చిన్నవి, గుండ్రటివి. వేరుశనగల్ని అనంతపురంలో చెనిక్కాయలంటాం, కర్నూలు వైపు బుడ్డలంటారు. పేరు ఏదయినా, మూడు నాలుగేళ్ల లోపు బిడ్డకు గింజ గింజగా ఇవ్వరాదు. నమిలి నూరే వెనక దవడ పళ్లు పూర్తిగా రావడానికే రెండున్నరేళ్లు పడుతుంది, వచ్చినా సరిగ్గా నమలడం వెంటనే రాదు. పాప గాలిగొట్టం దాదాపు దాని చిటికెన వేలంతే. నవ్వుతూనో ఏడుస్తూనో ఊపిరి లోపలికి పీల్చినప్పుడు నోట్లో గింజ ఉంటే అది అన్నం దారి వదిలి గాలి దారి పడుతుంది. ఎక్కువగా కుడి ఊపిరితిత్తి వైపే పోతుంది, ఆ గొట్టం వెడల్పుగా, నిటారుగా ఉంటుంది కనుక. గింజలోని నూనె అక్కడ వాపు పుట్టిస్తుంది. ఎక్స్‌రేలో చెనిక్కాయ గింజ కనపడదు. కాబట్టి పాప గింజలు తింటూ ఒక్కసారిగా పొరబోయి దగ్గిందంటే, తర్వాత సర్దుకున్నట్టు కనిపించినా పెద్దవాళ్లకు చెప్పండి. రెండు రోజులకు దగ్గో పిల్లికూతలో మొదలయితే డాక్టరుకు ముందు చెప్పాల్సింది ఈ గింజ మాటే. చెప్పకపోతే మామూలు జలుబనుకుంటారు.

అలాగని చెనిక్కాయలు మానేయక్కర్లేదు. వేయించి, పొట్టు తీసి, మెత్తగా నూరి, మిరపకాయ వేయకముందే ఒక చెంచా పక్కకు తీసి రాగి జావలో పలచగా కలపొచ్చు. ముద్దగా పెడితే అంగిట్లో అంటుకుంటుంది, పలచనే మేలు. మొదటిసారి అర చెంచా చాలు, ఒంటి మీద దద్దుర్లు లేస్తాయేమో చూడాలి.

ఏది చిన్నది, ఏది పెద్దది అని తేల్చడానికి సెలవుల్లో మీ దగ్గరే ఒక కొలత ఉంటుంది: క్యారమ్ కాయిన్. అడ్డంగా సుమారు 3 సెంటీమీటర్లు. అంతకంటే చిన్నది, అంతటిది ఏదయినా పాపకు అందే ఎత్తులో ఉండకూడదు. క్యారమ్ కాయిన్లు కూడా లెక్కలోకే వస్తాయి, ఆట అయ్యాక పంతొమ్మిదీ ఎంచి డబ్బాలో వేయండి. బోర్లా పడుకుని పాప కళ్లంత ఎత్తు నుంచి మంచం కింద ఒకసారి చూడండి, మీరు నిలబడి ఊడ్చినప్పుడు కనపడనివి ఎన్ని ఉన్నాయో తెలుస్తుంది. తిరునాళ్లలో కొన్న మెరిసే బొమ్మల్లో, పాటలు పాడే కార్డుల్లో ఉండే గుండీ బ్యాటరీలు అన్నిటికంటే చెడ్డవి. మింగితే రెండు గంటల్లోపే అన్నవాహికను కాల్చేయగలవు. మింగిందని అనుమానం వచ్చినా చాలు, వాంతి చేయించకుండా నేరుగా ఆసుపత్రికి పోవాలి.

అనపకాయల కాలం కూడా ఇదే కదా. రాత్రి నానబెట్టిన గింజను బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టి నొక్కితే పప్పు టప్పున ఎగిరి పడుతుంది. పితికిపప్పు చేయడం పిల్లల పనే, మీకు ఆటలా ఉంటుంది. పాప కూడా చేస్తానంటుంది. వలవని కాయలు ఒక పళ్లెంలో పోసి, ఇంకో పళ్లెంలోకి మార్చమనండి. అరగంట గడిచిపోతుంది. గింజలు మటుకు దాని దగ్గర పెట్టొద్దు, ముక్కులో పెట్టుకుంటుంది. పచ్చి గింజ ముక్కు తడికి ఉబ్బి బిగుసుకుపోతుంది. పుల్లతోనో పిన్నుతోనో తీయబోతే ఇంకా లోపలికి పోతుంది. ఒక్క ముక్కు నుంచే చీమిడి కారుతూ వాసన వస్తుంటే లోపల ఏదో ఉందని అర్థం. డాక్టరే తీయాలి. బాగా ఉడికించి వేళ్లతో చిదిమిన పప్పయితే సంగటిలో కలిపి నిశ్చింతగా పెట్టొచ్చు. ఓళిగ (బొబ్బట్టు) కూడా మెత్తనిదే, శనగబ్యాళ్లు పలుకు లేకుండా నూరి ఉంటే. ఉగ్గానిలో నానిన బొరుగులు ఫరవాలేదు, పచ్చిమిరపకాయా గింజలూ ఏరేయండి. నువ్వుల ఉండలు, చెరకు ముక్కలు ఇంకో రెండేళ్లు ఆగొచ్చు.

గొంతుకు ఏదయినా అడ్డం పడితే ముందు గట్టిగా కేక వేసి పెద్దవాళ్లను పిలవండి. పాప శబ్దంతో దగ్గుతుంటే దగ్గనివ్వాలి, వీపు మీద కొట్టొద్దు. గొంతు పెగలక, మాట రాక, పెదాలు నీలంగా మారుతుంటే ఆగే సమయం లేదు. తల కిందికి వంచి, వీపు మీద రెండు రెక్క ఎముకల మధ్య అరచేతి మడమతో 5 దెబ్బలు వేయాలి. రాకపోతే ఏడాది దాటిన బిడ్డకు వెనక నుంచి బొడ్డు పైన పిడికిలి పెట్టి లోపలికీ పైకీ 5 సార్లు నొక్కాలి. ఏడాది లోపు బిడ్డకు కడుపు నొక్కరాదు, రొమ్ము ఎముక మీద ఒక అరచేతి మడమతో 5 సార్లు నొక్కాలి. బయటికి వచ్చేదాకా మార్చి మార్చి చేయాలి. ఇంకొకరు 108కి ఫోను చేయాలి. కనపడని దాని కోసం నోట్లో వేలు పెట్టకండి, అన్నం ముద్ద మింగిస్తే దిగుతుందన్న మాట వినకండి.

పండక్కి చుట్టాలు దిగినప్పుడు ఇంట్లో పదిహేను మంది ఉంటారు. పాప మీద కన్ను మాత్రం ఎవరిదీ ఉండదు. అత్త చూస్తోందని అమ్మ, అమ్మ దగ్గరుందని అత్త. దీనికి ఒక తువ్వాలు చాలు. పాప తువ్వాలు ఎవరి భుజం మీద ఉంటే కాపలా వాళ్లది. తువ్వాలు ఇచ్చేటప్పుడు "పాప నీ దగ్గర" అనాలి, తీసుకునేవాళ్లు "నా దగ్గర" అనాలి. మీ వంతు ఇరవై నిమిషాలకు మించనీయకండి, ఆ ఇరవై నిమిషాలు ఫోను ముట్టకండి. మన ఊళ్లల్లో కొళాయి నీళ్లు రోజూ రావు, తొట్లూ డ్రమ్ములూ నిండా ఉంటాయి. నడక నేర్చే బిడ్డ తలబరువుతో తొట్లోకి వంగితే తిరిగి లేవలేదు. జానెడు లోతు కూడా అక్కర్లేదు. సంపు మూత వేసి ఉందో లేదో మీ వంతు మొదలవగానే చూడండి.

భోగి నాడు పాపకు నూలు బట్టలే వేయించండి, నైలాన్ స్వెట్టరు నిప్పురవ్వకు కరిగి ఒంటికి అతుక్కుంటుంది. గాలి ఎటు వీస్తుందో చూసి పొగ రాని వైపు, పది అడుగుల దూరాన నిలబడాలి. టైర్లూ ప్లాస్టిక్కూ మంటలో వేస్తుంటే పాపను లోపలికి తెచ్చేయండి. మంట ఆరాక అసలు ప్రమాదం మొదలవుతుంది. పైన బూడిద, లోపల నిప్పులు, మధ్యాహ్నం దాకా కాలుతూనే ఉంటాయి. రెండు బిందెల నీళ్లు పోసి, కెలికి, మళ్లీ పోయండి. కాలితే 20 నిమిషాలు కొళాయి కింద పెట్టాలి. పేస్టు, సిరా, ఐసు ఏదీ వద్దు.

సాయంత్రం భోగిపళ్లు పోసేటప్పుడు బంతి రెక్కలు ఎక్కువ, రేగుపళ్లు తక్కువ వేయమనండి. చిల్లర పదకొండు బిళ్లలు కలిపితే పదకొండూ దొరకాలి. పోసేముందు ఎంచేది, పోశాక ఏరేది మీరే. హారతి కర్పూరం బిళ్లలు పై అరలో పెట్టండి, ఒకటి మింగినా ఫిట్స్ రావచ్చు.

చలికి జలుబు వస్తే ముక్కులో సెలైన్ చుక్కలు, తరచూ పాలు, నీళ్లు, జావ. దగ్గు మందు మీరు పోయకండి, చుట్టాలను పోయనీయకండి. దుకాణాల్లో మామూలుగా దొరికే ఒక రకం జలుబు మందుల మిశ్రమాన్ని నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడొద్దని 2023లో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ ఆదేశించింది. తేనె ఏడాది నిండాకే.

మీరు చేయగలిగిన గొప్ప సాయం ఒకటుంది. పాప నిద్రపోతున్నప్పుడు చొక్కా పైకి జరిపి, పొట్ట ఎన్నిసార్లు లేచిందో గడియారం చూస్తూ నిండా ఒక నిమిషం లెక్కపెట్టండి. అర నిమిషం లెక్కపెట్టి రెట్టింపు చేయొద్దు, తప్పు వస్తుంది. ఏడుస్తున్నప్పుడు, పాలు తాగుతున్నప్పుడు లెక్కకు రాదు. రెండు నెలల నుంచి ఏడాది లోపు బిడ్డకు 50 గానీ అంతకు మించి గానీ, ఏడాది నుంచి అయిదేళ్ల బిడ్డకు 40 గానీ మించి గానీ వస్తే ఆ రోజే ఆసుపత్రికి పోవాలి. డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగలేకపోతున్నా లెక్క కోసం ఆగొద్దు. ఎన్ని వచ్చాయో, ఎన్ని గంటలకో చీటీ మీద రాసి అమ్మకు ఇవ్వండి, ఆసుపత్రికి తీసుకుపోతుంది.

మీ జేజి