ముసలి కుక్కకి చివరి ఇల్లు వెతకడం: అపోహలు - వాస్తవాలు

"అన్నా, మా వీధిలో ముసలి కుక్క ఒకటి ఉండాది, ఇంకో పది రోజులు కూడా బతికేట్టు లేదు, తోటలు గీటలు ఉన్నోళ్లు ఎవరన్నా తీసుకుంటారేమో చూడు." ఇలాంటి మెసేజ్ రాని వారం ఉండదు. పంపినవాళ్లది మంచి మనసే, కాదనను. కానీ ఆ ఒక్క వాక్యంలోనే మూడు అపోహలున్నాయి: పది రోజులు, తోటలు, ఎవరన్నా.

నెల్లూరు, కావలి, ఒంగోలు చుట్టుపక్కల కాపాడిన ముసలి కుక్కలకి, అంటే ఇక నయం చేసే వైద్యం లేదని డాక్టర్ తేల్చేసినవాటికి, మిగిలిన కాలం గడపడానికి ఇల్లు చూసిపెట్టడం మా పని. హాస్పిస్ హోమ్ అంటున్నాం. రోగానికి వైద్యం ఆగుతుంది, నొప్పికి ఆగదు. తిండి, శుభ్రత, పక్కన ఒక మనిషి, ఇవి ఆగవు. రోజూ వినే మాటల్ని ఒకచోట పెడుతున్నా, అడిగిన ప్రతివాళ్లకీ విడివిడిగా చెప్పే ఓపిక తగ్గింది కాబట్టి.

అపోహ: ఎలాగూ పోయేదే, ఇక టెస్టులెందుకు, ఇల్లు చూస్తే చాలు

అన్నిటికంటే ప్రమాదకరమైన మాట ఇదే. చివరి రోజులని మా దగ్గరికి తెచ్చిన కుక్కల్లో కొన్నిటికి అసలు చివరి రోజులే కావు.

వీధికుక్కల్లో మర్మాంగాల దగ్గర పువ్వులాగా విచ్చుకున్న గడ్డ వచ్చి, రక్తం కారుతూ, ఈగలు ముసురుతూ ఉంటుంది, చూసినవాళ్లకి కడుపులో తిప్పుతుంది. జత కట్టేటప్పుడు ఒకదాన్నుంచి ఇంకోదానికి అంటుకునే క్యాన్సర్ అది, డాక్టర్లు టీవీటీ అంటారు. క్యాన్సర్ అనే మాట వినగానే అందరూ చేతులెత్తేస్తారు గానీ, విన్‌క్రిస్టీన్ ఇంజెక్షన్ వారానికొకటి చొప్పున, మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడితే చాలా కుక్కల్లో గడ్డ పూర్తిగా కరిగిపోతుంది. మధ్యమధ్యలో రక్త పరీక్ష చేయాలి, మందు డాక్టర్ చేత్తోనే పడాలి. ఆ కుక్కకి కావాల్సింది హాస్పిస్ కాదు, కొన్ని వారాలు వదలకుండా ఆసుపత్రికి తిప్పే మనిషి.

గోమార్ల వల్ల వచ్చే జ్వరం కూడా అంతే. చిగుళ్లు తెల్లగా పాలిపోయి, తిండి మానేసి, ఒక్కోసారి ముక్కులోంచి రక్తం కారి, లేవలేక పడి ఉంటే ఎవరైనా ఇక అయిపోయిందనే అనుకుంటారు. ఎర్లికియా అని తేలితే డాక్సీసైక్లిన్ సుమారు నాలుగు వారాల కోర్సు. ముదిరితే ప్రాణం పోతుంది నిజమే, కానీ సకాలంలో పట్టుకుంటే ఒక్క వారంలోనే లేచి తోక ఊపేవి ఉన్నాయి. ఆపరేషన్ చేయించని ముసలి ఆడకుక్క ఎదకొచ్చిన కొన్ని వారాలకి నీళ్లు బిందెలకొద్దీ తాగుతూ, పొట్ట ఉబ్బి, చీము కారుతుంటే అది గర్భసంచిలో చీము. దానికి ఆ రోజే ఆపరేషన్ కావాలి, ఇల్లు వెతుకుతూ కూర్చుంటే మనమే చంపినట్టు.

కిడ్నీ సంగతి కూడా చెప్తా. రక్త పరీక్షలో కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ ఒకసారి ఎక్కువ వచ్చిందని తీర్పు రాసేయకండి. ఒంట్లో నీళ్లు లేక ఎండిపోయిన కుక్కకి అది పెరుగుతుంది, సెలైన్ పెట్టాక మళ్లీ చూడాలి. నెల్లూరులో తేలకపోతే తిరుపతి పశువైద్య కళాశాల ఆసుపత్రి ఉంది, అలాంటిదే చెన్నై వేపేరిలో ఉంది, ఒంగోలు వైపువాళ్లకి గన్నవరంలోది కూడా అందుబాటే. దూరమే, తెలుసు.

ఇంకో హెచ్చరిక. వీధిలో కుక్క ఉన్నట్టుండి తూలుతూ, నోటివెంట చొంగ కారుతూ, నీళ్లు మింగలేక అవస్థ పడుతుంటే, లేదా మనిషిని చూస్తే విచిత్రంగా ప్రవర్తిస్తుంటే, ముసలిది పాపం అని ఒళ్లోకి తీసుకోకండి. రేబిస్ కాదని డాక్టర్ తేల్చేదాకా దాన్ని ఏ ఇంటికీ పంపం.

అపోహ: తోట ఉన్నవాళ్లకి ఇస్తే హాయిగా ఉంటుంది

మామిడి తోట, నిమ్మ తోట, రొయ్యల గుంటలు. "గుంటల కాడ కాపలాకి పనికొస్తది" అని ఒకాయన మనస్ఫూర్తిగా అడిగాడు, మోకాళ్లు అరిగిపోయిన లాబ్రడార్‌ని. కోపం రాలేదు, నవ్వొచ్చింది.

తోటలో రాత్రిపూట మనిషి ఉండడు. కాపలావాడు ఉన్నా అతనికి ఆ కుక్కకి వేళకి మాత్ర వేయడం పని కాదు. పాములు, గోమార్లు, కుర్రకుక్కల గుంపు, మే నెల ఎండ. చివరి రోజుల కుక్కకి కావాల్సింది ఎకరాలు కాదు, గట్టిగా చూస్తే నాలుగడుగుల పొడి నేల, పగలంతా ఇంట్లో ఉండే ఒక మనిషి. మాకు బాగా కుదిరిన ఇళ్లలో ఎక్కువ రిటైరైనవాళ్లవే. వేదాయపాళెం వైపు ఒక పెద్దాయన ఉన్నారు, ఆర్టీసీలో చేసి దిగిపోయారు. రాత్రిళ్లు కుక్కని బయటికి తీసుకెళ్లాల్సి వస్తుందండీ, కష్టమేమో ఆలోచించండి అంటే, "నేనెట్టాగూ రాత్రి రెండు మూడుసార్లు లేస్తా అబ్బయా, నాతోపాటు దాన్నీ తిప్పుకొస్తా, దాందేముంది" అన్నారు. బంగారంలాంటి అర్హత అది, ఏ ఫారంలోనూ దానికి గడి ఉండదు.

ఆయన ఇల్లు చిన్నదే, నేల మాత్రం నున్నటి గ్రానైట్. చీమకుర్తి పక్కనే ఉంది కదా, మన వైపు కాస్త డబ్బులున్న ప్రతి ఇంటి నేలా అద్దమే. ముసలి కుక్కకి ఆ నేల శత్రువు. వెనక కాళ్లు రెండూ చెరోవైపు జారిపోతాయి, గోళ్లతో పట్టు కోసం గీకుతుంది, పట్టు దొరక్క అక్కడే కూలబడుతుంది. రెండుసార్లు అలా పడితే ఇక లేవడానికే భయపడుతుంది, ఇంట్లోవాళ్లేమో నడక పోయిందనుకుంటారు. పెద్దాయన భార్య గోనె సంచులు విప్పి, పరుపు నుంచి నీళ్ల గిన్నెదాకా, అక్కణ్నించి గుమ్మందాకా వరసగా పరిచి, అంచులు జారకుండా టేపు వేశారు. మర్నాటి నుంచి కుక్క ఆ గోనెల దారి మీదే నడిచింది, పక్కకి అడుగు పెట్టలేదు. గోళ్లు కత్తిరించడం, పాదాల మధ్య వెంట్రుకలు తీసేయడం కూడా ఇందుకే. వెనక కాళ్లు బొత్తిగా లేవకపోతే పాత లుంగీని మడిచి కడుపు కింద నుంచి పోనిచ్చి, రెండు కొసలూ పైకి పట్టుకుని నడిపించాలి. మార్కెట్లో బెల్టులున్నాయి, లుంగీ కూడా ఆ పని చేస్తుంది.

అసలు లేవలేని కుక్కని మూడు నాలుగు గంటలకోసారి పక్క మార్చాలి, లేదంటే తుంటి ఎముక దగ్గర పుండు పడుతుంది. తడిసిన గుడ్డ వెంటనే తీసేయాలి.

అపోహ: జబ్బు సంగతి చెప్తే ఎవరూ తీసుకోరు, ముందు ఇచ్చేసి తర్వాత చెబుదాం

ఇలా చేస్తే కుక్క తిరిగొస్తుంది, మళ్లీ ఇంకో ఇల్లు, మళ్లీ ఇంకో వాసన, మళ్లీ ఇంకో మనిషి. ముసలి ప్రాణానికి ఇంతకంటే నరకం ఏముంటుంది. మేము పెట్టే పోస్టులో మొదటి వాక్యమే జబ్బు పేరు. "రొమ్ము క్యాన్సర్ ఊపిరితిత్తులకి పాకింది, నెలలు కాదు, వారాలు అంటున్నారు. పడుకున్న చోటే మూత్రం పోస్తుంది. పిల్లుల్ని చూస్తే అరుస్తుంది. గుడ్డంటే ప్రాణం." ఇలా రాస్తే ఫోన్లు తగ్గుతాయి, తగ్గాలి కూడా. వచ్చే రెండు మూడు ఫోన్లూ నిజంగా చూసుకునేవాళ్ల నుంచే వస్తాయి.

ఆ "ఎవరన్నా" అనే మాట దగ్గరే మా పనంతా. పగలు ఇంట్లో ఎవరుంటారు? అత్తగారికి ఇష్టమేనా? అద్దె ఇల్లయితే ఓనర్‌కి చెప్పారా? మెట్లెన్ని? చిన్నపిల్లలున్నారా? నొప్పితో ఉన్న కుక్క ఎంత మంచిదైనా, నిద్రలో ఉండగా పిల్లాడు మీద పడితే కరవొచ్చు. ఇంట్లో ఇంకో కుక్కుంటే దాని రేబిస్ టీకా తేదీ చూపించమంటాం. వచ్చే కుక్క ముసలిది కాబట్టి దానికి టీకా అక్కర్లేదనడం ఇంకో అపోహ, దాని ఒంటి స్థితిని బట్టి అది డాక్టర్ తేల్చాల్సిన సంగతి.

ఒక పేజీ కాగితం తెలుగులో రాసుకుంటాం. మందుల ఖర్చు ఎవరిది, అర్ధరాత్రి ఎవరికి ఫోన్ చేయాలి, కుదరకపోతే ఏ రోజైనా కారణం అడక్కుండా వెనక్కి తీసుకుంటాం, వేరేవాళ్లకి ఇవ్వకూడదు. పెంపుడు జంతువుని కారణం లేకుండా వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం సెక్షన్ 11 కింద నేరం. మొదటిసారికి జరిమానా పది నుంచి యాభై రూపాయలు, ఆ అంకె చూసి మీరూ నాలాగే నిట్టూర్చండి. అందుకే మేము చట్టాన్ని నమ్ముకోం, కాగితాన్నీ ఫోన్‌నీ నమ్ముకుంటాం.

అపోహ: ముసలిది కొత్త చోట అలవాటు పడదు, బెంగతోనే పోతుంది

మొదటి రెండు మూడు రోజులు సరిగా తినదు, రాత్రి తిరుగుతుంది, గుమ్మం దగ్గర కూర్చుంటుంది. తర్వాత ముసలి కుక్క రోజులో ఎక్కువ భాగం నిద్రే, వేళకి తిండి, అదే మూల, అదే గొంతు దొరికితే కుదురుకుంటుంది. పాత దుప్పటి ఉతక్కుండా దాంతోపాటే పంపండి, ఆ వాసన కావాలి. కళ్లు నీలంగా మసకబారాయి, గుడ్డిది అంటారు చాలామంది. వయసుతో వచ్చే ఆ నీలిమసక అన్నిసార్లూ శుక్లం కాదు, చూపు చాలావరకు ఉంటుంది. నిజంగా చూపు పోయినా పర్వాలేదు, మంచాలూ కుర్చీలూ జరపకుండా ఉంటే ఇల్లంతా కాళ్లతో గుర్తుపెట్టుకుంటుంది.

అర్ధరాత్రి గోడకేసి చూస్తూ నిలబడటం, మూలలో ఇరుక్కుపోవడం, పగలు నిద్ర రాత్రి తిరుగుడు, ఇది బెంగ కాకపోవచ్చు. మనుషుల్లో మతిమరుపు జబ్బులాంటిదే కుక్కల్లోనూ ఉంది. నొప్పి వల్ల కూడా అలా తిరుగుతాయి. డాక్టర్‌కి వీడియో తీసి చూపించండి, ఆసుపత్రిలో అది ఎటూ బుద్ధిగానే ఉంటుంది.

అపోహ: మూలగడం లేదు కాబట్టి నొప్పి లేదు

కుక్క నొప్పిని దాచుకుంటుంది. పడుకుని లేవడానికి ఆలోచించడం, ఒకే కీలు నాకుతుండటం, చల్లటి వేళలో కూడా రొప్పడం, ముట్టుకుంటే తల అటు తిప్పుకోవడం, గిన్నె దాకా వచ్చి తినకుండా వెళ్లిపోవడం, ఇవీ మూలుగులే. దయచేసి ఇంట్లో ఉన్న మాత్ర వేయకండి. పారాసెటమాల్, ఐబూప్రోఫెన్, డైక్లోఫెనాక్ మనకి వేసుకునేవి కుక్కకి వేస్తే లివర్, కడుపు, కిడ్నీ దెబ్బతింటాయి, ముసలిదాని మీద ఇంకా త్వరగా. కుక్కలకి వేరే నొప్పి మందులున్నాయి, బరువు చూసి, రక్త పరీక్ష చూసి రాస్తారు.

అపోహ: చివరి రోజులు కదా, ఏది అడిగితే అది పెట్టేయొచ్చు

కొంతవరకు నిజమే, ఆ టైంలో డైట్ చార్టు పట్టుకుని కూర్చోం. కానీ చేపల పులుసు అన్నం వద్దు, ముళ్లు, కారం, చింతపండు. ఎండుచేప ఉప్పు కిడ్నీ చెడిన కుక్కకి విషమే. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్మిస్ ఏ కుక్కకీ వద్దు. ఉడికిన కోడి ఎముక ముక్కలై పేగుల్లో గుచ్చుకుంటుంది. ఉప్పు లేని మెత్తటి అన్నంలో ఉడికించిన చికెన్, గుడ్డు, కాస్త వెచ్చగా, వెచ్చగా ఉంటే వాసన తగులుతుంది, ఆకలి లేనిది కూడా మూతి పెడుతుంది.

రోహిణి కార్తెలో కడుపుకి, పాదాలకి నీళ్లు తడిపి ఫ్యాను కింద పెట్టండి, తడి తువ్వాలు కప్పేసి వదిలేయకండి, అది కాసేపటికి వేడెక్కి లోపలి వేడిని బయటికి పోనివ్వదు. ఇక తుఫాను రోజులు. 2023 డిసెంబర్ మిచాంగ్ అప్పుడు నెల్లూరులో వీధుల్లోకి నీళ్లొచ్చాయి, గుర్తుందిగా. ముప్పై కిలోల కుక్కని దుప్పటిలో వేసి పై అంతస్తుకి ఎత్తడానికి ఇద్దరు మనుషులెవరో ఇల్లు ఒప్పుకున్న రోజే అనుకోవాలి.

అపోహ: (నొప్పి లేకుండా ప్రాణం పోయే) ఇంజెక్షన్ వేయించడం పాపం / ఇంజెక్షన్ వేయిస్తే గొడవ వదులుతుంది

ఈ రెండూ ఒకే ఇంట్లో ఒకే రోజు విన్నాను, తల్లి ఒకటి, కొడుకు ఒకటి. రెండూ తొందరపాటే. అమెరికా పశువైద్యురాలు ఆలిస్ విల్లాలోబోస్ తయారుచేసిన ఒక కొలత వాడతాం మేము: నొప్పి, ఆకలి, నీళ్లు, శుభ్రత, సంతోషం, కదలిక, చెడ్డ రోజులకంటే మంచి రోజులెక్కువా. ఒక్కోదానికి పదికి మార్కులు, పరిస్థితి బాగుంటే ఎక్కువ, మొత్తం 35 దాటితే ఇంకా నెట్టుకురావచ్చు. క్యాలెండర్ మీద మంచి రోజుకి టిక్కు, చెడ్డ రోజుకి ఇంటూ పెట్టమంటాం, ఎందుకంటే మనసు నిన్నటి మంచి గంటనే గుర్తుపెట్టుకుంటుంది. ఇంటూలు ఎక్కువైనప్పుడు డాక్టర్‌తో కూర్చుంటాం.

అది జరిగేటప్పుడు ముందు మత్తు ఇవ్వాలి, తర్వాతే అసలు మందు. మత్తు లేకుండా చేస్తామంటే వద్దనండి, ఇంకో డాక్టర్‌ని చూడండి. మందు ఎక్కాక కొద్ది సెకన్లలో స్పృహ పోతుంది. కళ్లు తెరిచే ఉంటాయి, ప్రాణం పోయాక కూడా ఒక పెద్ద శ్వాస రావచ్చు, మూత్రం పోవచ్చు. ఈ మాట ముందే చెప్పకపోతే ఇంట్లోవాళ్లు బతికుండగానే ఏదో చేశారని ఏళ్ల తరబడి బాధపడతారు.

అపోహ: ఇంట్లో కుక్క చస్తే అరిష్టం

పెద్దవాళ్లకి నేను ధర్మరాజు కుక్క కథ చెప్పను, నాకంటే బాగా వాళ్లకే తెలుసు. అరిష్టం అన్న మాట వెనక ఉండే భయం చాలాసార్లు వేరే. శవాన్ని ఎవరు తీస్తారు, ఎక్కడ పూడుస్తారు, పక్కింటివాళ్లు ఏమంటారు. మేమే వచ్చి తీసుకెళ్తాం, ఫలానావాళ్ల పొలంలో, బావికి దూరంగా, నాలుగడుగుల గొయ్యి తీయిస్తాం, మీరు రావాలంటే రండి అని మొదటి రోజే చెప్తే ఆ భయం సగం తగ్గుతుంది, అరిష్టం మాట మళ్లీ వినపడదు.

అపోహ: ఒకసారి చేసినవాళ్లు మళ్లీ చేయరు

కొందరు చేయరు, వాళ్లని బతిమాలం. కొందరు ఆర్నెల్ల తర్వాత వాళ్లే ఫోన్ చేస్తారు. కుక్క చనిపోయిన వారంలోనే ఇంకో కుక్క ఫోటో పంపడం మాత్రం చేయకండి, ఎంత అర్జెంటైనా సరే. మిగిలిపోయిన మాత్రలు, డైపర్లు, లుంగీ పట్టీ తీసుకురావడానికి వెళ్లినప్పుడు ఒక పావుగంట కూర్చుని టీ తాగి రండి. మాత్రల డబ్బా మీద ఆ కుక్క పేరు, బరువు, తేదీ రాసి డాక్టర్‌కి అప్పగించండి, ఇంకో కుక్కకి అవి పనికొస్తాయో లేదో ఆయనే చెప్తారు.