“హింసేం లేదు మేడమ్, అప్పుడప్పుడు చెయ్యి చేసుకుంటాడంతే”

గృహహింస కేసుల కౌన్సెలింగ్‌లో పదకొండేళ్లుగా ఈ మాట వింటున్నాను. ఆడవాళ్ల కొంప ముంచే అపోహ ఇదే: తప్పు నాదైతే కొట్టడం హింస కాదని.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, వీటికి భర్త భార్యని కొట్టొచ్చా అంటూ ఏడు కారణాలు చదివి వినిపించారు. చెప్పకుండా బయటికెళ్లడం, వంట సరిగా చేయకపోవడం, ఎదురు మాట్లాడటం, అత్తమామల్ని లెక్కచేయకపోవడం వగైరా. తెలంగాణలోనూ ఆంధ్రలోనూ దాదాపు 84 శాతం మంది ఆడవాళ్లు ఏదో ఒకదానికి కొట్టొచ్చన్నారు. వీళ్లకి బుద్ధి లేదనేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పుట్టింటికి ఏడుస్తూ వెళ్తే “నువ్వేమన్నావో చెప్పు, ఊరికే కొడతాడా?” అని అడిగించుకున్న మనిషి ఇంకేం చెబుతుంది?

అందుకే “హింస ఉందా?” అని అడగడం మానేశాను. “ఆయన బండి చప్పుడు వినపడగానే ఏం చేస్తారు?” అంటాను. మొన్నొక టీచరమ్మ వేళ్ల మీద లెక్కపెట్టింది: “టీవీ కట్టేస్తాను. బాబుని పుస్తకం ముందు కూర్చోబెడతాను. అమ్మకి చేసిన కాల్ ఫోన్లో చెరిపేస్తాను.” మూడో వేలు దగ్గర ఆగిపోయి, చాలాసేపు దాన్నే చూసుకుంది. ఆరోజు దరఖాస్తు రాయలేదు. రాయమని నేనూ అనలేదు.

కొట్టకపోతే హింస కాదన్నది మొదట చెప్పిన అపోహకి తోబుట్టువు. 2005 గృహహింస చట్టం ప్రకారం తిట్లు, బెదిరింపులు, బలవంతపు సంసారం, జీతం లాక్కోవడం అన్నీ హింసే. ఎంతమందికి చదివి వినిపించానో! ఉద్యోగంలో చేరిన మొదటి రెండేళ్లూ నా ఏటీఎం కార్డు మా ఆయన పర్సులోనే ఉండేది. బస్సు పాసుకి డబ్బులు అడిగి తీసుకునేదాన్ని. ఒక్కరోజూ తట్టలేదు.

ఇక మిగతావి. “కేసు పెడితే ఆయన్ని జైల్లో వేస్తారట.” ఈ ‘అట’లతో విసిగిపోయాను. ఈ చట్టం కింద మేజిస్ట్రేటు ముందుగా ఇచ్చేది రక్షణ ఉత్తర్వు, దాన్ని మీరితే శిక్ష. “ఇల్లు మామగారి పేరున ఉంది, గెంటేస్తారు.” కాపురమున్న ఇంట్లో ఉండటానికి మీ పేరున కాగితం అక్కర్లేదు. అది అత్తమామలదైనా సరే అడగొచ్చని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. చదువుకున్న ఇళ్లలో ఇవి ఉండవంటారా? పైన టీచరమ్మని చూశారుగా.

మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేస్తే కేసు పెట్టినట్టు కాదు. హింసకి గురైన ఆడవాళ్లకి సాయం చేసే ప్రభుత్వ సఖి కేంద్రానికి వెళ్లి ఊరికే మాట్లాడి రావచ్చు. ఫోను ఆయన చూస్తాడనుకుంటే పక్కింటివాళ్లది అడగండి. కాల్ చెరిపేయడం మీకు నేను నేర్పక్కర్లేదు.