తాతయ్య చిడతలు, ఎంపీ3లో ఉన్న ఒక అంకె

మా తాతయ్యా వాళ్ల బృందం పాడిన భజనల రికార్డింగ్ ఒకటి మా ఇంట్లో ఉంది, 40 నిమిషాలది. క్యాసెట్ బూజు పట్టి ఎప్పుడో పోయింది, మిగిలింది 128 కేబీపీఎస్ ఎంపీ3 ఒక్కటే. దాని సౌండ్ ఎంత తక్కువంటే, కారులో వాల్యూమ్ చివరిదాకా పెంచితే గానీ వినపడదు, అదయ్యాక వేరే పాట మొదలైందా, అందరం ఉలిక్కిపడాల్సిందే. సరే పెంచేద్దామని ఆడియో ఎడిటర్‌లో తెరిచి, పెంచి, మళ్లీ ఎంపీ3గా సేవ్ చేశాను. సౌండ్ పెరిగింది. కానీ టక్ టక్‌మని విడివిడిగా పడాల్సిన చిడతల దెబ్బలు మెత్తబడ్డాయి, ఒక్కో దెబ్బకి ముందు సన్నగా బుస్‌మనే చప్పుడు కూడా వచ్చి చేరింది.

ఎందుకిలా అయిందో తెలియాలంటే ఎంపీ3 లోపల ఏముంటుందో చూడాలి. అది ధ్వనిని 576 శాంపిళ్ల (తరంగం ఎత్తుని క్షణక్షణం కొలిచిన అంకెల) ముక్కలుగా తీసుకుంటుంది, సెకనుకి 44,100 శాంపిళ్లుంటే ఒక్కో ముక్క దాదాపు సెకనులో 77వ వంతు. ప్రతి ముక్కలో బొంగురు నుంచి కీచు దాకా ఏ స్వరం ఎంత బలంగా ఉందో లెక్కకట్టి, మన చెవికి పెద్దగా తెలియని వాటిని గుండుగుత్తగా సర్దేసి రాసుకుంటుంది. ఆ సర్దుబాటులో పుట్టిన తేడా ముక్క మొత్తానికీ పాకుతుంది. నిశ్శబ్దంలో హఠాత్తుగా పడే చిడత దెబ్బ దగ్గర అది దొరికిపోతుంది, దెబ్బ పడకముందే రొద వినిపిస్తుంది. ఎడిటర్ చేసిందేమిటంటే, ఎంపీ3ని విప్పి మామూలు తరంగంగా మార్చి, పెంచి, తిరిగి ఈ సర్దుబాటంతా మొదటి నుంచీ చేసింది. జిరాక్స్ కాపీని మళ్లీ జిరాక్స్ తీసినట్టు. మొదటిసారి పోయింది ఎలాగూ పోయింది, రెండోసారి ఇంకొంత పోయింది.

అసలు విప్పాల్సిన పనే లేదని నాకు ఆ తర్వాత తెలిసింది.

ఎంపీ3లో ప్రతి ముక్కకీ, ప్రతి చానెల్‌కీ ఒక చిన్న అంకె ఉంటుంది, పేరు గ్లోబల్ గెయిన్. 8 బిట్లు, అంటే 0 నుంచి 255 దాకా ఏదైనా కావచ్చు. ప్లేయర్ ఆ ముక్కలోని విలువలన్నిటినీ ఎంతతో గుణించాలో చెప్పేది ఇదే. దీన్ని 1 పెంచితే ధ్వని 1.5 డెసిబెళ్లు పెరుగుతుంది, 4 పెంచితే తరంగం ఎత్తు సరిగ్గా రెట్టింపవుతుంది. మిగతా డేటాని ముట్టుకోనక్కర్లేదు. సెకనుకి 44,100 శాంపిళ్లుండే స్టీరియో ఫైల్లో ఇలాంటి అంకెలు సెకనుకి సుమారు 153 ఉంటాయి, మా 40 నిమిషాల భజనలో మూడున్నర లక్షలు దాటతాయి. వాటన్నిటినీ ఒకే మేర జరిపితే చాలు, కంప్యూటర్‌కి అదెంత సేపు! వద్దనుకుంటే అంతే మేర వెనక్కి జరపొచ్చు, ఆడియో డేటా బిట్టు కూడా తేడా లేకుండా పాత స్థితికి వస్తుంది. నాకు ఇందులో బాగా నచ్చింది ఇదే.

గ్లెన్ సాయర్ రాసిన ఎంపీ3గెయిన్ అనే ఉచిత ప్రోగ్రాం చేసే పని ఇది. ఎంత జరపాలో లెక్కకట్టడానికి అది 2001లో డేవిడ్ రాబిన్సన్ ప్రతిపాదించిన రీప్లేగెయిన్ పద్ధతిని వాడుతుంది. ఫైల్లో అన్నిటికన్నా ఎత్తైన శిఖరాన్ని చూసి సౌండ్ ఇంత అని చెబితే తప్పుతుంది, ఎందుకంటే ఒక్క చిడత దెబ్బ శిఖరాన్ని తాకినా పాటంతా గొణుగుడులా ఉండొచ్చు. అందుకని ఆ పద్ధతి మన చెవి స్పందనకి తగ్గట్టు ధ్వనిని వడగట్టి, 50 మిల్లీసెకన్ల తునకలుగా కోసి, మరీ పెద్దవైన 5 శాతాన్ని వదిలేసి, మిగిలినవాటిలో అన్నిటికన్నా పెద్దదాని స్థాయిని పాట సౌండ్‌గా తీసుకుంటుంది. ఆల్బమ్ మొత్తాన్ని ఒకే మేర జరిపే పద్ధతి కూడా ఉంది, కచేరీ రికార్డింగులకి అదే వాడండి, లేకపోతే మెల్లగా సాగాల్సిన ఆలాపన కూడా తర్వాతి కీర్తనంత గట్టిగా వచ్చి కచేరీ నడక దెబ్బతింటుంది.

పరిమితులూ ఉన్నాయి. మెట్టుకి 1.5 డెసిబెళ్లు కాబట్టి అంతకన్నా సన్నగా సర్దలేం. టేప్ రొద కూడా పాటతోపాటే పెరుగుతుంది. మరీ పెంచితే 16 బిట్ల ప్లేయర్‌లో విలువ 32,767 దాటలేదు కాబట్టి శిఖరాలు తెగి బరబరమంటాయి. అయితే ఆ తెగడం ప్లేయర్ విప్పేటప్పుడు జరిగేది, ఫైల్లో అంకె తగ్గిస్తే శిఖరం మళ్లీ నిండుగా వస్తుంది. రికార్డింగ్ రోజునే తెగిపోయి ఉంటే మాత్రం ఎవరూ తేలేరు.

మా ఫైల్ ఆ ప్రోగ్రాం మామూలుగా పెట్టుకునే 89 డెసిబెళ్ల లక్ష్యం చేరాలంటే 8 మెట్లు పెంచాలని చూపించింది, కానీ 7 దగ్గరే చిడతలు తెగుతాయని కూడా చూపించింది. 6 దగ్గర ఆపాను, అంటే 9 డెసిబెళ్లు. ఇప్పుడు కారులో వినిపిస్తున్నాయి, టక్ టక్‌మని, దేనికదే. ఎంత జరిపిందీ ప్రోగ్రాం ఫైల్ ట్యాగ్‌లో రాసుకుంటుంది గానీ, వేరే సాఫ్ట్‌వేర్‌లో పాట పేర్లు మారిస్తే ఆ ట్యాగ్ చెరిగిపోవచ్చు. అందుకే ఫైల్ పేరు చివర "ప్లస్ 6" అని చేర్చి పెట్టాను, ముట్టుకోని కాపీ ఒకటి వేరే డిస్క్‌లో దాచాను.