ఐవీ లీగ్, స్టాన్‌ఫర్డ్, ఆమ్హర్స్ట్ వంటి చోట్ల బేస్‌బాల్ రిక్రూటింగ్: అపోహలు - వాస్తవాలు

అమెరికాలో హైస్కూలు బేస్‌బాల్ ఆటగాళ్లకు కళాశాల ప్రవేశాలపై, రిక్రూటింగ్‌పై (అంటే కళాశాల కోచ్‌లు తమ జట్టుకు ఆటగాళ్లను ఎంచుకోవడంపై) సలహాలివ్వడం నా వృత్తి. న్యూజెర్సీ, టెక్సాస్ వంటి చోట్ల స్థిరపడిన తెలుగువారి పిల్లలు కూడా ఇప్పుడు ఈ దారి పడుతున్నారు. చదువు విషయంలో అతి కఠినంగా వడపోసే విశ్వవిద్యాలయాల గురించి తల్లిదండ్రుల నుంచి నేను తరచుగా వినే అపోహలు ఇవి.

అపోహ: బాగా ఆడితే హార్వర్డ్, యేల్ స్కాలర్‌షిప్ ఇస్తాయి.

వాస్తవం: హార్వర్డ్, యేల్ ఉన్న ఐవీ లీగ్‌లోని 8 విశ్వవిద్యాలయాల్లో ఏ ఒక్కటీ ఆటకు స్కాలర్‌షిప్ ఇవ్వదు, అక్కడ దొరికేది కుటుంబ ఆర్థిక పరిస్థితిని బట్టి అందే సహాయం మాత్రమే. 2025-26 నుంచి హార్వర్డ్ సాధారణ ఆస్తులుండి, వార్షికాదాయం 2 లక్షల డాలర్లు మించని కుటుంబాలకు ట్యూషన్ ఫీజు లేకుండా చేసింది. భార్యాభర్తలిద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఉన్న మన ఇళ్లు చాలావరకు ఆ గీత దాటిపోతాయి కనుక, ఖర్చు లెక్క ముందే వేసుకోవడం మంచిది. స్టాన్‌ఫర్డ్, డ్యూక్, వాండర్‌బిల్ట్, రైస్ మాత్రం ఆటకు స్కాలర్‌షిప్ ఇస్తాయి. ఒకప్పుడు డివిజన్ 1 (కళాశాల క్రీడల్లో అన్నిటికన్నా పై అంచె) జట్టు మొత్తానికి 11.7 స్కాలర్‌షిప్‌లే ఉండేవి, వాటినే ముక్కలు చేసి పంచేవారు. 2025 నాటి కోర్టు ఒప్పందానికి లోబడిన కళాశాలల్లో ఆ పరిమితి పోయి, జట్టులో 34 మందికి మించరాదన్న నియమం వచ్చింది. అయితే ఆ 34 మందికీ డబ్బు ఇచ్చి తీరాలని ఎక్కడా లేదు.

అపోహ: ఆట గట్టిదైతే మార్కులు పట్టించుకోరు.

వాస్తవం: డివిజన్ 1లో ఆడేందుకు కళాశాల క్రీడల నియమాలు చూసే సంస్థ ఎన్‌సీఏఏ అడిగేది ఇంగ్లిష్, గణితం వంటి 16 కోర్ కోర్సుల్లో 2.3 జీపీఏ (4కు లెక్కించే గ్రేడ్ల సగటు). ఆ అంకెను నమ్ముకుని ఐవీ లీగ్‌కు దరఖాస్తు చేస్తే నిరాశ తప్పదు. అక్కడ గ్రేడ్లు, పరీక్ష స్కోర్లు కలిపి అకడమిక్ ఇండెక్స్ అనే సూచిక కడతారు; రిక్రూట్ చేసుకున్న క్రీడాకారుల సగటు మిగతా విద్యార్థుల సగటుకు మరీ దూరంగా ఉండకూడదు. అందువల్ల సూచిక తక్కువగా ఉన్న ఒక మంచి పిచర్ (బంతి విసిరే ఆటగాడు) కావాలంటే, ఆ లోటు పూడ్చగల మరో ఆటగాణ్ని కోచ్ వెతుక్కోవలసి వస్తుంది. ఇద్దరి ఆటా ఇంచుమించు సమానమైనప్పుడు ట్రాన్స్‌క్రిప్ట్ (హైస్కూలు గ్రేడ్ల పట్టిక) ఎవరిది బలంగా ఉందో వారికే ఫోన్ వస్తుంది.

అపోహ: కోచ్ "నువ్వు మాకు కావాలి" అన్నాడంటే సీటు వచ్చినట్లే.

వాస్తవం: అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే అపోహ ఇదేనని నా అభిప్రాయం. సీటు ఇచ్చేది అడ్మిషన్స్ ఆఫీసు. తాను గట్టిగా బలపరచగల కొద్దిమంది పేర్లలో మీ అబ్బాయి పేరు చేర్చడం వరకే కోచ్ చేయగలడు. జూనియర్ సంవత్సరం (11వ తరగతి) ముగిసిన వేసవిలో చాలాచోట్ల ప్రీ-రీడ్ జరుగుతుంది. ట్రాన్స్‌క్రిప్ట్, టెస్ట్ స్కోర్లు, స్కూలు ప్రొఫైల్, సీనియర్ సంవత్సరంలో (12వ తరగతి) తీసుకోబోయే కోర్సుల జాబితా కోచ్ ద్వారా అడ్మిషన్స్ ఆఫీసుకు వెళతాయి, వాటిని చూసి వారు తమ అంచనా చెబుతారు. ఆ జాబితాలో క్యాలిక్యులస్ చూపించి, ఆగస్టులో దాన్ని తీసేసి తేలిక కోర్సు పెట్టుకుంటే ఆ అంచనాకు విలువ ఉండదు. ఐవీ లీగ్‌లో అక్టోబరు నుంచి అడ్మిషన్స్ ఆఫీసు కొందరికి లైక్లీ లెటర్ పంపుతుంది. గ్రేడ్లు, నడవడిక చెడకుండా చూసుకుంటే ప్రవేశం ఖాయమని దాని అర్థం. నోటిమాటకు ఆ బలం లేదు. ఆమ్హర్స్ట్, విలియమ్స్ వంటి డివిజన్ 3 (ఆటకు స్కాలర్‌షిప్ ఇవ్వని అంచె) కళాశాలల్లో కోచ్ సాధారణంగా ఎర్లీ డెసిషన్‌లో దరఖాస్తు చేయమంటాడు. సీటు వస్తే చేరి తీరాలి కనుక, సహాయం పోగా మీకు ఎంత ఖర్చవుతుందో అంచనా చెప్పే ఆ కళాశాల నెట్ ప్రైస్ క్యాలిక్యులేటర్‌లో లెక్క చూసుకున్నాకే సరే అనండి. ప్రీ-రీడ్‌లో ఏమన్నారు, మీ పూర్తి మద్దతు ఉన్నవారిలో నా పేరు ఉందా అని కోచ్‌ను సూటిగా అడగడం అమర్యాద కాదు.

అపోహ: డివిజన్ 3 అంటే ఆట రానివాళ్లు చేరే చోటు.

వాస్తవం: 2025లో హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎంపికైన పిచర్ బిల్లీ వాగ్నర్ డివిజన్ 3 కళాశాల ఫెరమ్‌లో ఆడినవాడే. వరుసగా 228 ఆటలు ఓడి 2013లో గెలిచిన కాల్‌టెక్ కూడా ఈ డివిజన్‌లోనిదే. ఒకే డివిజన్‌లో ఇంత తేడా ఉంటుంది కాబట్టి డివిజన్ పేరు చూసి కాదు, ఆ జట్టు ఆడే మ్యాచ్ చూసి అంచనా వేయండి.

అపోహ: కళాశాల నుంచి క్యాంపు ఆహ్వానం వచ్చిందంటే రిక్రూటింగ్ మొదలైనట్లే.

వాస్తవం: జూనియర్ సంవత్సరానికి ముందు వచ్చే ఆగస్టు 1 వరకు డివిజన్ 1 కోచ్‌లు రిక్రూటింగ్ గురించి పిల్లలకు స్వయంగా రాయకూడదు, క్యాంపు ప్రకటనలు, ప్రశ్నావళులు మాత్రం పంపవచ్చు. తొమ్మిదో తరగతి పిల్లవాడికి అందిన ఆ "ప్రత్యేక ఆహ్వానం" ఎందరికి వెళ్లి ఉంటుందో ఆలోచించండి. ఆట చూశానని, ఫలానా మ్యాచ్‌లో ఫలానా బంతి బాగుందని, గ్రేడ్లు పంపమని రాస్తే అది వేరు. కోచ్‌కు మనం రాసే మెయిల్‌లో పిచర్ అయితే బంతి వేగం, క్యాచర్ అయితే పాప్ టైమ్ (బంతి తన గ్లవ్‌ను తాకినప్పటి నుంచి, తాను విసిరాక బేస్ దగ్గరి ఆటగాడికి చేరే సమయం), అందరికీ 60 గజాల పరుగు సమయం, రెండు నిమిషాల వీడియో, వాటితోపాటే జీపీఏ ఉండాలి. ఆ మెయిల్ పిల్లవాడే రాయాలి. నాన్నగారు రాసి కొడుకు పేరు పెట్టిన మెయిల్‌ను కోచ్‌లు రెండో వాక్యంలోనే పట్టేస్తారు.