అమ్మ పద్యంలో కనిపించని అక్షరం

బెంగళూరు మారతహళ్ళిలో మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్ళం ఉగాదికి ఒక వెబ్ పేజీ పెట్టుకున్నాం. ఎవరి పద్యం వాళ్ళు ఫారంలో టైప్ చేసి పంపవచ్చు. హిందూపురం నుంచి అమ్మ కూడా ఒక ఆటవెలది పంపింది. టైప్ చేసే పెట్టెలో నాలుగు పాదాలూ నాలుగు వరుసల్లో ఉన్నాయి. పేజీ మీదకి వచ్చేసరికి నాలుగూ కలిసిపోయి వచనంలా ఒకే వరుస అయిపోయింది.

నిజానికి ఏదీ పోలేదు. అమ్మ ఎంటర్ నొక్కిన మూడుచోట్లా ఒక్కో అక్షరం భద్రంగానే ఉంది. కంప్యూటర్‌కు కొత్త లైన్ అంటే ఖాళీ జాగా కాదు, తనకంటూ ఒక సంఖ్య ఉన్న గుర్తు. అక్షరాలకు సంఖ్యలు కేటాయించిన ఆస్కీ పట్టికలో ఆ సంఖ్య 10. వెబ్ పేజీల కోడ్ రాసే జావాస్క్రిప్ట్ భాషలో దాన్ని బ్యాక్‌స్లాష్, పక్కన చిన్న ఎన్ పెట్టి రాస్తాం. నొక్కేది రెండు మీటలు, లోపల నిలిచేది ఒక్క అక్షరం. ‘రా’ రాసి, ఆ గుర్తు పెట్టి, ‘పో’ రాసి పొడవెంత అని అడగండి, 5 అంటుంది: రకారం, దీర్ఘం, కొత్త లైన్, పకారం, ఓత్వం. మన గుణింతపు గుర్తుల సరసన ఈ కనిపించనిదానికీ సమానంగా చోటివ్వడం చూస్తే నాకు ముచ్చటేస్తుంది.

ఈ గుర్తు, తీగల మీద వచ్చిన సందేశాన్ని కాగితం మీద కొట్టే టెలిటైప్ యంత్రాల నాటిది. సెకనుకు 10 అక్షరాలు కొట్టే ఆ యంత్రంలో వరుస మారాలంటే రెండు పనులు జరగాలి. అచ్చుతల ఎడమ అంచుకు రావాలి, దాని సంఖ్య 13. కాగితం ఒక వరుస పైకి జరగాలి, దాని సంఖ్య 10. ఆ తల వెనక్కి రావడానికి ఒక అక్షరం కొట్టేంత సమయం చాలదు కాబట్టి 13 ముందు, 10 తర్వాత పంపేవారు; కాగితం జరిగేలోపు తల అంచుకు చేరుకునేది. యంత్రాలు పోయినా విండోస్ ఇప్పటికీ ఆ జంటనే వాడుతుంది. యూనిక్స్ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్ ఒక్క 10తో సరిపెట్టుకుంది. 2018 దాకా విండోస్ నోట్‌ప్యాడ్‌లో యూనిక్స్ ఫైలు తెరిస్తే అన్నీ ఒకే వరుసలో కనిపించేవి.

మరి బ్రౌజర్ ఎందుకు కలిపేసింది? వెబ్ పేజీలు రాసే భాష హెచ్‌టీఎంఎల్ పద్ధతి ప్రకారం మామూలు పేరాలో కొత్త లైన్ వచ్చినా, పది ఖాళీలు వచ్చినా ఒక్క ఖాళీ కిందే లెక్క. కోడ్ రాసేవాళ్ళు తమ సౌకర్యానికి వరుసలు విరుచుకుంటారు, చదివేవారికి అవి అక్కర్లేదు. మన తాటాకుల మీద కూడా పద్యాన్ని పాదాలుగా విరవకుండా ఆకు నిండా రాసుకుపోయేవారు. మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు అయ్యాయంటే ఆటవెలది మొదటి పాదం ముగిసిందని చదివేవారి చెవికి తెలిసేది. బ్రౌజర్‌కు ఆ చెవి లేదు.

మొదట ఆ గుర్తు ఉన్నచోట ‘ఇక్కడ వరుస మార్చు’ అని బ్రౌజర్‌కు చెప్పే బీఆర్ ట్యాగ్ పెట్టమని, ఒకదాని బదులు మరొకటి పెట్టే జావాస్క్రిప్ట్ ఆదేశం రీప్లేస్‌కు చెప్పాను. మొదటి పాదం విడిపోయింది, మిగతా మూడూ అతుక్కునే ఉన్నాయి. వెతికేది మామూలు స్ట్రింగ్ (అక్షరాల వరుస) అయితే రీప్లేస్ మొదటిదాన్ని మాత్రమే మారుస్తుంది. అన్నీ మారాలంటే రీప్లేస్ఆల్ కావాలి. అయినా ఆ దారి నాకు నచ్చలేదు. ట్యాగ్‌లు పనిచేయాలంటే వచ్చిన పాఠాన్నంతా హెచ్‌టీఎంఎల్‌గా పేజీలోకి వదలాలి. పద్యం బదులు ఎవరైనా కోడ్ రాసి పంపితే బ్రౌజర్ దాన్నీ నడిపించేస్తుంది. అందుకే పాఠాన్ని కోడ్‌గా కాక ఉత్త అక్షరాలుగానే చూపించే టెక్స్ట్‌కంటెంట్‌తో పెట్టి, పేజీ రూపాన్ని నిర్ణయించే సీఎస్ఎస్‌లో వైట్‌స్పేస్‌కు ప్రీ-లైన్ అని, అంటే కొత్త లైన్లను అలాగే ఉంచమని రాశాను. అమ్మ రాసిన ఒక్క అక్షరమూ మార్చలేదు. నాలుగు పాదాలూ వాటంతటవే విడివడ్డాయి.

సాయంత్రం అమ్మ ఫోన్ చేసింది. “మొదటి పాదం చివరి మాట కిందికి జారిందేంటికే?”

ఆమె ఫోన్‌లో అక్షరాలు పెద్దవిగా పెట్టుకుంది. తెర చాలక బ్రౌజర్ తనే మడత వేసింది. ఆ మడతలో 10 లేదు, 13 లేదు, ఏ అక్షరమూ లేదు. “ఫోన్ అడ్డంగా తిప్పి చూడమ్మా” అన్నాను. తిప్పింది. పాదం మొత్తం ఒక్క వరుసలోకి వచ్చిందని చెప్పి, పద్యం మళ్ళీ మొదటినుంచి చదివి వినిపించింది.